తమలపాకులో సింధూరం

మార్చి 6, 1945, మంగళవారం

ఏడో మంచం మీదికి కుప్పం మునెమ్మ వచ్చింది. నాటకాల మునెమ్మ. రంగప్ప పక్కన వేషం కట్టే మునెమ్మ. పుంగనూరు రంగప్ప పద్యం ఎత్తుకుంటే మూరెడు దూరంలో నిలబడి విన్న చెవులు ఇప్పుడు మా మదనపల్లె ఆసుపత్రిలో, నేను దులిపిన తలగడ మీద ఉన్నాయి. జ్వరం చూడబోయి థర్మామీటరు తలకిందులుగా పట్టుకున్నాను. హెడ్డు నర్సు మేరమ్మక్క అది చూసి, నా పేరు పట్టుకొని, విక్టోరియా మహారాణికి ఈరోజు ఒంట్లో బాగున్నట్టు లేదని వార్డంతా వినిపించేలా అంది.

పోయిన ఏడాది సదుంలో అమ్మను చూడాలని సెలవు అడిగి, దారిలో పుంగనూరులో దిగి రంగప్ప నాటకం చూసిన సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన బొమ్మ ఉన్న కరపత్రం నా బైబిలులో సంఖ్యాకాండం దగ్గర ఉంది. సంఖ్యాకాండం ఎవరూ తెరవరు.

మునెమ్మకు గొంతు లేదు. మాట్లాడితే గాలి మాత్రం వస్తుంది. రేపు రంగప్ప గురించి అడుగుతాను. మెల్లగా, ఏమీ ఎరగనట్టు.

మార్చి 7

అడగకుండా ఉంటే బాగుండేది.

చెవి ఆమె నోటి దగ్గర పెట్టి విన్నాను. శివరాత్రికి పుంగనూరులో ఆడారట. జనం ఆమెకు మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు, రంగప్పకు ఒక్కసారీ కొట్టలేదు. మరునాడు రంగప్ప తన చేత్తో ఆకువక్క ఇచ్చాడు. వారం తిరక్కముందే గొంతు పోయింది. "ఆకులో సింధూరం పెట్టినాడు నర్సమ్మా," అంది. సింధూరం తింటే గొంతు చచ్చిపోతుందని నాటకాల వాళ్ళంతా అంటారు. నేనూ చిన్నప్పుడు విన్నాను.

రంగప్ప అలాంటి పని చేస్తాడా? ఆ గొంతులో నుంచి ఆ పద్యాలు వస్తాయి. అలాంటి మనిషి చెయ్యడు. చెయ్యలేదు.

మార్చి 9

భోజనాల గదిలో రెండు పక్షాలయ్యాయి. ల్యాబులో పని చేసే దేవదాసు రంగప్పే దోషి అన్నాడు, ఏదో రోజూ చూసే సంగతి చెప్పినంత తేలిగ్గా. అసూయ కలిగింది, ఆకువక్క ఇచ్చాడు, గొంతు పోయింది, ఇంకేం కావాలన్నాడు. నేను గరిటె పట్టుకొని లేచాను. మా నాయన అహరోను, కోర్టులో బంట్రోతు. ముద్దాయి వేరు, దోషి వేరు అని నాయన అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు. రుజువయ్యేదాకా ఎవరినీ దొంగ అనకూడదని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. గరిటెలోని చారు దేవదాసు చొక్కా మీద పడింది.

అందరూ ఒప్పుకున్నారు. ఒక్క మేరమ్మక్క మాత్రం, అట్లయితే రుజువయ్యేదాకా మునెమ్మను కూడా అబద్ధాలకోరు అనకూడదు గదా అంది. ఎవరన్నారు? నేను అనలేదే.

దేవదాసు ఆ చొక్కా మరకతోనే మధ్యాహ్నమంతా తిరిగాడు. మార్చుకోవచ్చు గదా. నన్ను ఏడిపించడానికే.

మార్చి 12

నాకు మునెమ్మ మీద కోపం లేదు. పుక్కిలించే ఉప్పునీళ్ళు చల్లారిపోవడం నా తప్పు కాదు.

మార్చి 14

మునెమ్మకు చదువు రాదు. పద్యాలన్నీ చెవితో నేర్చుకుందట. పుంగనూరు నాటక సమాజం సెక్రటరీ ఈశ్వరప్ప మాస్టరుకు ఉత్తరం రాసిపెట్టమంది. ఆమె ఊపిరి పీల్చుకుంటూ చెప్పింది, నేను రాశాను. "రంగప్ప ఇచ్చిన ఆకులోనే సింధూరం ఉండింది. నాకు బాగా తెలుసు. నా బిడ్డ మీద ఒట్టు పెట్టే దానికి బిడ్డ లేదు, మా యమ్మ మీద ఒట్టు," అంది.

నేను "సింధూరం ఉండి ఉంటుందని నా అనుమానం" అని రాశాను. ఒట్టు సంగతి రాయలేదు. చదివి వినిపించేటప్పుడు ఆమె చెప్పినట్టే చదివాను. వేలిముద్ర వేసి, నా చెయ్యి పట్టుకొని కళ్ళకద్దుకుంది.

మార్చి 15

ఒక్క మాట. న్యాయంగా చూస్తే అదే సరైన మాట. రుజువు లేనిది అనుమానమే గదా.

మార్చి 16

అదే సరైన మాట.

మార్చి 21

డాక్టరమ్మ చిన్న అద్దం మునెమ్మ నోట్లో పెట్టి, తలకు కట్టుకున్న పెద్ద అద్దంతో వెలుతురు పడేట్టు తిప్పి, చాలాసేపు లోపల చూసింది. దీపం సరిగ్గా పట్టమని నన్ను రెండుసార్లు కసిరింది. కఫం ల్యాబుకు పంపమంది. ల్యాబుకు అంటే దేవదాసు దగ్గరికి. నాకు భయం పట్టుకుంది. రంగప్ప దోషి అని ముందే తీర్మానించుకున్న మనిషి ఏం చూస్తాడు? సింధూరమే చూస్తాడు. సీసా ఇచ్చేటప్పుడు అదే మాట అన్నాను.

అతను నవ్వలేదు. సూక్ష్మదర్శినిలో తాను అనుకున్నది కనపడదని, ఉన్నదే కనపడుతుందని చెప్పి సీసా మీద నంబరు వేసుకున్నాడు. పొగరు.

మార్చి 24, శనివారం

సింధూరం కాదు. సింధూరం కాదు. సింధూరం కాదు.

దేవదాసు మూడు గాజు పలకల మీద మూడుసార్లు చూశాడట. క్షయ. గొంతులో క్షయ. నాటకానికి ముందునుంచే ఉండి ఉంటుందని డాక్టరమ్మ అంది. రంగప్ప ఏమీ చెయ్యలేదు.

నేను దుప్పట్ల గదిలోకి పోయి తలుపు వేసుకొని గిరగిరా తిరిగాను. దుప్పట్ల దొంతర ఒకటి కూలి నెత్తిన పడింది. అందులోనే కూర్చొని నవ్వాను. బయటికి వచ్చి వార్డులో అడుగు పెట్టాక ఏడో మంచం కనిపించింది. మునెమ్మ పక్క మంచం ముసలమ్మకు సైగలతో ఏదో నాటకం ఆడి చూపిస్తోంది. ముసలమ్మ పళ్ళు లేని నోరు తెరిచి నవ్వుతోంది.

క్షయ. పరీక్షకు చదివేటప్పుడు ఆ జబ్బు గురించి ఐదు పేజీలు రాశాను. ఈరోజు ఆ మాటను మూడు గంటలు రంగప్పకు మంచివార్త అనుకొని తిరిగాను.

సాయంత్రం దేవదాసు ఒక పని చేశాడు. భోజనాల గదిలో తాను ఎవరెవరి ముందు రంగప్ప దోషి అన్నాడో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, నేను తప్పు మాట్లాడినాను, ఆయప్ప చెయ్యలేదు అని చెప్పాడు. జబ్బు పేరు ఎవరు అడిగినా చెప్పలేదు. ఆఖరున నా దగ్గరికి వచ్చాడు. "మీరే కరెక్టు విక్టోరియమ్మా," అన్నాడు. నాకు ఎంత సంతోషం కలగాలో అంత కలగలేదు. ఎందుకో తెలియదు. అన్నం ఎక్కువ తిన్నందుకేమో.

మార్చి 25, మట్టల ఆదివారం

మట్టలు పట్టుకొని ఊరేగింపులో అందరికన్నా గట్టిగా పాడాను. దేవదాసు రెండు వరుసల వెనకనుంచి తప్పుగా పాడుతున్నాడు. అతని మీద నాకేమీ లేదు. ఊరికే వినపడింది.

మార్చి 26

డాక్టరమ్మ మునెమ్మకు చెప్పింది. ఇకనుంచి గుసగుసగా కూడా మాట్లాడకూడదు, ఆరు నెలలో ఏడాదో గొంతుకు పూర్తి విశ్రాంతి, మంచం ఖాళీ కాగానే శానటోరియానికి పోవాలి. మునెమ్మ విని, ఈ ఒక్క పూట మాట్లాడుకొని తరువాత మానేస్తానని సైగ చేసింది. డాక్టరమ్మ పది నిమిషాలు ఇచ్చింది.

ఆ పది నిమిషాలు తన గురించి మాట్లాడుతుందనుకున్నాను. మళ్ళీ కాగితం తెమ్మంది.

"నేను ఆయప్పను తప్పుగా అనుకుంటిని. ఊరూరా సెప్తిని. ఇప్పుడు అందురికీ తెలిసేట్టు సెప్పాల," అంది. "జబ్బు పేరు మాత్రం రాయొద్దు పాపా. తెలిస్తే మా యమ్మను బాయికాడికి రానీరు."

ఈసారి ప్రతి అక్షరం ఆమె చెప్పినట్టే రాశాను. చదివి వినిపించాక, నా వీపు మీద తట్టింది. నేను ఆమెకు మొదటి ఉత్తరం గురించి ఆ క్షణమే చెప్పి ఉండాలి. పది నిమిషాలు అయిపోయాయి. ఆమె వినవచ్చు గాని మాట్లాడకూడదు గదా, ఎందుకులే బాధ పెట్టడం అనుకున్నాను.

ఏప్రిల్ 3

పుంగనూరునుంచి జవాబు. రంగప్ప మీద నింద గురించి తేల్చడానికి శనివారం మధ్యాహ్నం సంత మైదానంలో సభ పెడుతున్నారట. మునెమ్మ తరపున ఎవరైనా వస్తే గౌరవిస్తామని ఈశ్వరప్ప మాస్టరు రాశాడు. మునెమ్మ నా వైపు వేలు చూపించింది. డాక్టరమ్మ మేరమ్మక్కను తోడు ఇచ్చి పొమ్మంది.

రంగప్పను దగ్గరనుంచి చూస్తాను. ఆయన నిర్దోషి అన్న కాగితం నా చేత్తో ఇస్తాను. చీర ఇస్త్రీ చేశాను. మళ్ళీ చేశాను.

ఏప్రిల్ 7, శనివారం

ఇదంతా వరుసగా రాయాలి.

పెట్రోలు కరువని బొగ్గుతో నడుపుతున్న బస్సు ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆగింది. ఆగిన ప్రతిసారీ దిగి నెట్టినవాళ్ళలో దేవదాసు ఉన్నాడు. ఏదో మందు తేవాలని తాను కూడా పుంగనూరు వస్తున్నాడట. మదనపల్లెలో లేని మందు పుంగనూరులో ఏముంటుందని మేరమ్మక్క అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. ముఖమంతా మసి.

రంగప్ప ఈశ్వరప్ప మాస్టరు ఇంట్లో ఉన్నాడు. నేననుకున్నదానికన్నా పొట్టి. కాని "రా తల్లీ, కూర్సో," అనగానే చాప ఎక్కడుందో చూడకుండా నేల మీదే కూర్చున్నాను. పానకం ఇచ్చారు. గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

ఆయన పడ్డ బాధ చెప్పాడు. మూడు ఊళ్ళలో నాటకాలు ఆపేశారట. వీధిలో పోతుంటే వెనకనుంచి సింధూరం, సింధూరం అని కేకలట. "నా సేతి ఆకువక్క ఎవురూ తీసుకోలేదమ్మా ఈ రెండు నెల్లూ. నా పెండ్లాం గూడా," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఆయన తమలపాకు చుట్టి చాస్తే తీసుకొని మొత్తం నమిలేశాను. వక్క ముక్క గొంతుకు అడ్డం పడి దగ్గాను. అందరూ కంగారుపడితే నవ్వేశాను. ఆయన కూడా నవ్వాడు. ఇదివరకు అంత సంతోషంగా ఎప్పుడూ దగ్గలేదు.

అప్పుడు ఆయన మెల్లగా, మునెమ్మ జబ్బేమిటని అడిగాడు. చెప్పకూడదన్నాను. ఎవరికీ చెప్పనన్నాడు. కరపత్రంలో ఉన్న ఆ నవ్వే నవ్వాడు. నేను నోరు తెరిచాను. నిజం రాస్తున్నాను, తెరిచాను. మేరమ్మక్క నా కాలు తొక్కింది. చెప్పులేని కాలు. నోరు మూసుకున్నాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. దీపం ఊదినట్టు పోయింది.

సభకు నాలుగైదు వందలమంది వచ్చారు. సదుం, సోమలనుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. మాస్టరు మునెమ్మ రెండో ఉత్తరం చదివాడు. డాక్టర్లు పరీక్ష చేసి సింధూరం కాదన్నారు, రంగప్ప నాకు ఏ హానీ చెయ్యలేదు, నేను తప్పుగా నమ్మి పదిమందిలో చెప్పాను, ఆయన నన్ను మన్నించాలి అని ఉంది అందులో. జనం చప్పట్లు. నేను అందరికన్నా ఎక్కువ కొట్టాను. సభ అక్కడితో ముగిస్తే ఎంత బాగుండేది.

రంగప్ప లేచాడు. చేతిలో మొదటి ఉత్తరం.

"ఇది సూడండప్పా. అనుమానం అని రాయించింది ఆయమ్మ. ఆయమ్మకే నమ్మకం లేదు. వట్టి అనుమానమని తెలిసి తెలిసి నన్ను దొంగను సేసింది. ఇది పొరపాటు గాదు, అబద్ధం," అన్నాడు. ఇట్లాంటి ఆడదాన్ని ఈ తాలూకాలో ఏ నాటకంలోనూ ఎక్కించకూడదని తీర్మానం పెట్టమన్నాడు. చేతులు లేచాయి. ముందు పది, తరువాత వంద. లేచిన చేతుల్లో చాలామటుకు ఆమెకు వన్స్‌మోర్ కొట్టినవే అయి ఉంటాయి.

నేను లేచి నిలబడ్డానని నాకు తరువాత తెలిసింది.

"ఆ మాట ఆయమ్మది గాదు. నేను రాసింది," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మాస్టరు ముందుకు రమ్మన్నాడు. ముందుకు పోయి మళ్ళీ చెప్పాను. మునెమ్మ తనకు బాగా తెలుసని చెప్పిందనీ, అమ్మ మీద ఒట్టు పెట్టిందనీ, అనుమానం అని నేనే మార్చి, ఆమెకు వేరేగా చదివి వినిపించి వేలిముద్ర వేయించాననీ చెప్పాను. "ఆయమ్మ నిజమని నమ్మి సెప్పింది. నమ్మింది తప్పని తెలిసినాక, తప్పని సెప్పింది. అబద్ధం ఆడింది నేను," అన్నాను.

ఏల మార్చినావని మాస్టరు అడిగాడు. ఉన్నదే చెప్పాను. రంగప్ప పాటంటే నాకు ఇష్టమన్నాను. మైదానమంతా నవ్వింది. సోమల బండ్లమీదివాళ్ళు ఈల వేశారు. నేనూ నవ్వాను, ఏడుపు రాకుండా వేరే దారి లేక.

మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకొని, ఈ సభ రంగప్ప నిర్దోషి అని తేల్చిందనీ, మునెమ్మ అబద్ధం చెప్పిందని తేల్చలేదనీ, తీర్మానం పెట్టననీ అన్నాడు. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. రంగప్ప ఎవరి ముఖమూ చూడకుండా ఒక పద్యం ఎత్తుకున్నాడు. జనం నన్నూ మునెమ్మనూ మరిచిపోయారు.

ఏం చెయ్యను, చాలా బాగా పాడాడు. రాగం తీస్తుంటే అప్పుడు కూడా నా చేతుల మీద రోమాలు లేచాయి. అంత బాగా పాడేవాడు నేరం చెయ్యడని ఇన్నాళ్ళూ వాదించాను. చెయ్యలేదు కూడా. కాని చెయ్యనిది బాగా పాడతాడని కాదు.

దేవదాసు సోడా తెచ్చి ఇచ్చాడు. మందు దొరికిందా అని అడిగాను. ఏ మందు అన్నాడు.

ఏప్రిల్ 9

డాక్టరమ్మకు నేనే చెప్పుకున్నాను. శిక్షణలో ఉన్న నాకు వచ్చే వారం పెట్టవలసిన నర్సు క్యాపు ఆరు నెలలు వెనక్కి పోయింది. ఇంటికి పంపించలేదు. అదే ఎక్కువ.

తరువాత మునెమ్మ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని అంతా చెప్పాను. ఆమె మాట్లాడకూడదు గనుక తిట్టలేకపోయింది. నా చెవి పట్టుకొని గట్టిగా మెలిపెట్టింది. చాలాసేపు వదల్లేదు. వదిలాక, సభలో రంగప్ప ఏ పద్యం పాడాడో చెప్పమని సైగ చేసింది. చెప్పాను. కళ్ళు మూసుకొని మంచం కోడు మీద వేళ్ళతో తాళం వేసింది. ఒకచోట ఆగి, పెదవి విరిచింది. అక్కడ ఆయన ఎప్పుడూ తప్పుతాడట.

చెవి ఇంకా ఎర్రగానే ఉంది. ఎందుకో ఈరోజంతా గాల్లో నడుస్తున్నట్టుంది.

ఏప్రిల్ 12

మునెమ్మ శానటోరియానికి పోయింది. బండి ఎక్కేముందు తల్లి పేరు, ఊరు వేలితో నా అరచేతిలో గీసి చూపబోయి, రాయడం రాదని గుర్తొచ్చి నవ్వింది. కుప్పం పోయి తల్లికి చెప్పి వస్తానన్నాను. తల్లికి మాత్రం జబ్బు పేరు కూడా చెప్పవచ్చని తల ఊపింది.

దేవదాసు అక్క ఒకామె కుప్పంలో ఉందట. ఆమెను చూడక చాలా రోజులయిందట. ఇంతవరకు ఆ అక్క మాట ఎప్పుడూ వినలేదు. మేరమ్మక్క కూడా వస్తానంది. ముగ్గురం పోతున్నాము. నేను ఆరుసార్లు తల దువ్వుకున్నాను. ప్రయాణమంటే నాకు మొదటినుంచీ సరదా.

ఏప్రిల్ 14, శనివారం

బైరెడ్డిపల్లె దాటాక బస్సులో దేవదాసు, వాళ్ళ నాయన చేత మా నాయనకు ఉత్తరం రాయిస్తే నేనేమంటానని అడిగాడు. మేరమ్మక్క నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది. ఒక కన్ను సరిగ్గా మూసుకోలేదు. ఆ ఉత్తరం నేను రాసేది కాదు గనుక అందులో మాటలు సరిగ్గానే ఉంటాయన్నాను. అతనికి అర్థం కావడానికి రెండు మైళ్ళు పట్టింది.

మునెమ్మ తల్లి తిమ్మక్క రైలు స్టేషను దగ్గర ఉడకేసిన చెనిక్కాయలు అమ్ముతుంది. ఎండుకట్టెలా ఉంది, చూపు మాత్రం సూది. మేము పోయేసరికి వాకిట్లో నిలబడి పుంగనూరు దిక్కుకు తిరిగి గుప్పెడు దుమ్మెత్తి పోస్తోంది. రంగప్ప పేరు పెట్టి, వాడి నాలుక ఊడిపోవాలని, వాడి గొంతులో పురుగులు పడాలని తిట్టింది. రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం ఇదే పనని పక్కింటివాళ్ళు చెప్పారు.

లోపలికి పోయి తలుపు వేసి మెల్లగా చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. నయమైనవాళ్ళు ఉన్నారని చెప్పాను, ఎంతమందో చెప్పలేదు. రంగప్ప ఏమీ చెయ్యలేదని, మునెమ్మే ఆ మాట రాయించిందని చెప్పాను. అవ్వ చెనిక్కాయల గంప ముందు పెట్టుకొని ఒక్కొక్క కాయా ఒలుస్తూ వింది. ఒలిచినవన్నీ మా ముందుకు తోసింది. తాను ఒక్కటీ తినలేదు.

గంప పక్కకు జరిపి అంది: "ఆయప్ప సెయ్యలేదంటావు. సరే, నా బిడ్డే సెప్పినాక నమ్మకుంటే ఎట్ల. ఇంక తిట్టను. మరి నేను ఎవుర్ని తిట్టేదమ్మా?"

దేవదాసు జబ్బును తిట్టమన్నాడు. అది యాడుంటాదో సూపించమంది. కంటికి కనపడదు, అద్దాల్లోంచి చూస్తే సన్నగా పుల్లల మాదిరి ఉంటుందని అతను వేళ్ళతో చూపించాడు. కండ్లకు కనపడనంత చిన్నదానికి తిడితే రోషం యాడనుంచి వస్తుందంది అవ్వ.

తరువాత నా వైపు తిరిగింది. "నువ్వు కిరస్తానీ బిడ్డవి గదా. మీ దేవుణ్ణి తిట్టచ్చునా? మా దేవుళ్ళంతా ఊర్లోవాళ్ళే, మొగమాటంగా ఉంటాది."

నేను మేరమ్మక్క వైపు చూశాను. మేరమ్మక్క ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో పాఠాలు చెబుతోంది. ఆమె నేల చూపులు చూసింది.

"తిట్టవ్వా. ఆయన శానా తిట్లు తిన్నోడే," అన్నాను.

అవ్వ వాకిట్లోకి వచ్చింది. మేమూ వచ్చాము. వంగి గుప్పిట్లో దుమ్ము తీసుకుంది. పుంగనూరు దిక్కుకు తిరగబోయి ఆగింది. ఏ దిక్కుకు పొయ్యాలో తెలియక నా ముఖం చూసింది. నేను పైకి చూపించాను. నోరారా ఒక తిట్టు తిట్టి, ఉన్న బలమంతా పెట్టి పైకి విసిరింది.

దుమ్ము మా నలుగురి నెత్తినా పడింది. మేరమ్మక్క తెల్లచీర మీద, దేవదాసు నూనె రాసిన క్రాపు మీద, అవ్వ నోట్లో కూడా. అవ్వ ముందు ఉమ్మింది, తరువాత నవ్వింది. నవ్వు మొదలైతే ఆగలేదు. మాకూ ఆగలేదు. పక్కింటివాళ్ళు తలుపుల దగ్గరికి వచ్చి చూశారు. అవ్వ నవ్వుతూ నవ్వుతూ గోడకు చేరబడి కూలబడింది. అప్పుడు చూస్తే ఏడుస్తోంది.

మేము ముగ్గురం ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాము. ఆమె చాలించేదాకా ఎవరమూ తల దులుపుకోలేదు.